అల్లా ముందు, ఆమె ముందు

మాది పరుపులు కుట్టే ఇల్లు. యానాంలో ఎవరింట పెళ్ళి కుదిరినా పందిరివాడి కంటే ముందు మా నాన్న దుకాణానికి వచ్చేవాళ్ళు, బూరుగు దూది ఉందో లేదో కనుక్కుందామని. మేం ముస్లిములమే గాని మా ఇంట్లో ఉర్దూ లేదు. నాన్నకి రాదు, అమ్మకి రాదు, వాళ్ళ పెద్దలకీ రాదు. మసీదుకి వచ్చే మిగతా పిల్లలు ఉర్దూలో మాట్లాడుకుంటుంటే నేను పక్కన నిలబడి, వాళ్ళు నవ్వినచోటల్లా నవ్వేవాణ్ణి. నమాజులో చదవాల్సిన సూరాలు తెలుగు లిపిలో నోటుబుక్కులో రాసుకుని బట్టీపట్టాను. ఆఖర్న చేతులెత్తి చేసే దువా మాత్రం తెలుగులోనే. అల్లాకి తెలుగు వచ్చా అని చిన్నప్పుడు అమ్మనడిగితే, "ఆయనకి రాని బాసుంటదేంట్రా? చీమ గొణిగినా ఇంటాడు" అంది.

ఆ మాట నమ్మి నేను ఆయనతో చాలా చెప్పుకున్నాను. పదమూడో ఏట నుంచి ఒకే సంగతి చెప్పుకున్నాను. నన్ను మార్చు అని. మిగతా అందరి మాదిరి చెయ్యి అని. తరగతిలో మగపిల్లలు ఆడపిల్లల జడల గురించి, నడకల గురించి మాట్లాడుకుంటుంటే నాకు ఏమీ అనిపించేది కాదు. అనిపించినదంతా ఆ మాట్లాడేవాళ్ళ మీదే. దానికి పేరు తెలియకముందే అది పాపమని తెలిసింది. లూత్ ప్రవక్త కాలంలో మగవాళ్ళు మగవాళ్ళని కోరుకున్న ఊళ్ళకి ఏ గతి పట్టిందో శుక్రవారం జుమ్మా ప్రసంగంలో వింటున్నప్పుడు నాన్న పక్కన తల వంచుకుని కూర్చుని, నా చెవులు ఎర్రబడటం ఎవరైనా చూస్తున్నారేమో అని టోపీ చెవుల మీదికి లాక్కున్నాను.

నమాజులో భుజానికి భుజం ఆనించి నిలబడాలి. మధ్యలో సందు ఉంటే షైతాను దూరతాడని పెద్దవాళ్ళు వెనకనుంచి జరిపేవాళ్ళు. నాకు ఆ సందే కావాల్సి వచ్చేది. ఎవరి భుజమైనా తగిలితే ఏ ఆలోచన వస్తుందోనన్న భయంతో చదవాల్సింది మర్చిపోయేవాణ్ణి. అందుకని ఆఖరి వరసలో, గోడ పక్కన, మోకాళ్ళు వంగక కుర్చీ మీద కూర్చుని నమాజు చేసే ఒక ముసలాయన దగ్గర చోటు చూసుకున్నాను. చాలా ఏళ్ళు అదే నా చోటు.

మగవాళ్ళ మధ్య సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పిన రోజు నాకు గుర్తుంది. ఎదురుగా టీ కొట్లో టీవీ పెద్దగా పెట్టారు. నాన్న దూది ఏకుతూ ఒక్క నిమిషం మిషను ఆపి విన్నాడు. "ఏం రోజులొచ్చాయిరా బాబూ" అని మళ్ళీ మిషను వేశాడు. దుకాణం నిండా దూది పొగ లేచింది. నేను గలేబు కుడుతున్నవాణ్ణి కుడుతూనే ఉన్నాను. నాలాంటివాళ్ళందరూ ఆ రోజు సంతోషించి ఉంటారు. నాకు మాత్రం ఏమీ తేలికపడలేదు. నేను పోలీసులకి ఎప్పుడూ భయపడలేదు.

అతను యానాం వచ్చింది ఆ తీర్పుకి మూడేళ్ళ ముందే, రొయ్యల చెరువుల పని మీద. అడవిపొలం వైపు చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు పాడైతే బాగుచేసే ఎలక్ట్రీషియను. మెట్టకూరులో గది తీసుకున్నాడు. ఒక శుక్రవారం నమాజు మొదలయ్యాక పరిగెత్తుకుంటూ వచ్చి, ఖాళీ ఉన్న ఒకే ఒక్క చోట నిలబడ్డాడు. అది నా పక్కన. చొక్కా చేతుల మీద గ్రీజు మరకలు, నమాజు ముందు మొహం కడుక్కుని వజూ చేసిన నీళ్ళు ఇంకా గడ్డం నుంచి కారుతున్నాయి. నమాజు ఆఖర్న సలాం తిప్పేటప్పుడు కుడివైపు మొహం తిప్పితే అతని మొహం ఉంది.

వారం తరవాత దుకాణానికి వచ్చాడు. "మెడ పట్టేస్తంది భాయ్. గట్టి దిండు కావాలి" అన్నాడు. దిండు కుట్టిచ్చాను. మళ్ళీ వారం, మరీ గట్టిగా ఉంది, కొంచెం దూది తియ్యమని తెచ్చాడు. ఆ పై వారం కొంచెం వెయ్యమని తెచ్చాడు. నాన్న నవ్వి, "ఆ దిండు అల్లుడి కంటే ఎక్కువ మర్యాదలు చేయించుకుంటందిరా" అన్నాడు. అతనూ నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు అప్పటికే అర్థమైంది, అతనికీ అర్థమైంది.

నాలుగేళ్ళు. దాని గురించి ఎక్కువ రాయలేను. గోదావరి గట్టు మీద బండి ఆపి కూర్చునేవాళ్ళం, ఇద్దరు స్నేహితుల్లాగా, ఎవరూ రెండోసారి చూడరు. అతని గదిలో రేకుల మీద వాన పడుతుంటే మాట వినపడక ఒకరి చెవి దగ్గర ఒకరం అరిచేవాళ్ళం. రొయ్యలకి వేసే మేత వాసన అతని జుట్టులోంచి ఎన్ని స్నానాలు చేసినా పోయేది కాదు. నా జీవితంలో నేను బతికింది ఆ నాలుగేళ్ళే అంటే అబద్ధం కాదు. కాని ఆ నాలుగేళ్ళలో సుఖంగా గడిచిన పూట ఒక్కటీ లేదన్నా అబద్ధం కాదు.

ఎందుకంటే అతను నాకంటే భక్తిపరుడు. నేను అల్లాకి భయపడేవాణ్ణి, అతను అల్లాని ప్రేమించేవాడు. మేం కలిసిన ప్రతిసారీ లేచి తలస్నానం చేసి, జానిమాజ్ పరుచుకుని, నుదురు నేలకానించి సజ్దాలో పడి ఏడ్చేవాడు. నేను మంచం మీద కూర్చుని అతని వీపు వైపు చూసేవాణ్ణి. లేచి కళ్ళు తుడుచుకుని "ఇదే ఆఖరు" అనేవాడు. "సరే" అనేవాణ్ణి. పది రోజులకి ఫోను వచ్చేది.

ఒకసారి అడిగాను. "ఇంత బాధెందుకు? నమాజు మానేస్తే పోలా?"

"నువ్వు మానగలవా?"

"లేను."

"మరి నన్నెందుకడుగుతావు? అదీ మానలేం, ఇదీ మానలేం. మనం ఎటుపోతాం?"

ఆ ప్రశ్నకి జవాబు కోసమే నేను ఇమాం సాబు దగ్గరికి వెళ్ళాను. ఆయన గుంటూరు వైపునుంచి వచ్చినవాడు, మెత్తనివాడు. పిల్లలని ఎప్పుడూ కొట్టేవాడు కాదు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, నాకు తెలిసిన ఒకతనికి ఇలా సమస్య ఉందండీ అని చెప్పాను. ఎంత చుట్టుతిప్పి చెప్పినా చివరికి ఆ మాట అనాల్సి వచ్చింది. ఆయన జపమాల తిప్పడం ఆపాడు.

"పెళ్ళి చేసుకోమను బేటా. అన్నీ సర్దుకుంటాయి."

"సర్దుకోకపోతేనండీ?"

"రోజా ఉండమను. దువా చెయ్యమను. మనసులో రావడం వేరు, చెయ్యడం వేరు. మనసులో వచ్చినదానికి అల్లా పట్టుకోడు."

"ఇరవయ్యేళ్ళ నుంచి దువా చేస్తన్నాడండి."

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "నీ దోస్తుకి చెప్పు, ఇంకెవరి దగ్గరా నోరు విప్పొద్దని. అల్లా కప్పి ఉంచినదాన్ని మనిషి విప్పగూడదు" అన్నాడు.

ఆయన నన్ను తిట్టలేదు, మసీదుకి రావద్దనలేదు, ఎవరితోనూ అనలేదు. కాని అప్పటిదాకా మౌజన్ ఊళ్ళో లేనప్పుడు అజాన్ ఇచ్చేది నేను. నా గొంతు బాగుంటుందని అందరూ అనేవాళ్ళు. ఆ తరవాత మౌజన్ ఊరెళ్ళినప్పుడు ఆయన ఇంకొకర్ని పిలిచాడు. ఆ పై సారీ అంతే. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆయన చెప్పిన మాట తీసుకెళ్ళి అతనికి చెప్పింది నేనే. ఇది నేను దాచగూడదు. పెళ్ళి చేసుకుంటే సర్దుకుంటుందట, అన్నాను, వెటకారంగా. అతను వెటకారం వినలేదు. మంచినీళ్ళ సీసా మూత బిగించి పక్కన పెట్టాడు.

"అంటే దారి ఉందన్నమాట" అన్నాడు.

నాలుగేళ్ళలో అతని మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

అమ్మాయిది తుని. అతని మేనమామ మా దుకాణానికే వచ్చి పెళ్ళి పరుపు చెప్పి వెళ్ళాడు. నాన్నకి అప్పటికే చేతులు వణుకుతున్నాయి, దబ్బనం పట్టలేడు. నేనే కుట్టాను. పనిలో ద్వేషం పెట్టడం నాన్న నాకు నేర్పలేదు. పొందిగ్గా, ఎక్కడా ఉండ కట్టకుండా, నాకు వచ్చినంత బాగా కుట్టాను. అతను చూడటానికి రాలేదు. పెళ్ళికి రెండు రోజుల ముందు మాత్రం వచ్చి, దుకాణం మెట్ల మీద నిలబడి, "సాక్షిగా నువ్వుండు. నాకంటూ ఈ ఊళ్ళో ఎవరున్నారు?" అన్నాడు. కాదనలేకపోయాను.

నిఖాలో సాక్షులు వధువు దగ్గరికి కూడా వెళ్ళాలి. ఆమె ఒప్పుకోలు చెవులారా వినాలి. పరదాకి ఇవతల నేను, ఇంకొకాయన నిలబడ్డాం. లోపలినుంచి ఆమె మూడుసార్లు కబూల్ అంది. మొదటిసారి వినపడీ వినపడనట్టు, మూడోసారి స్పష్టంగా. ఆ గొంతులో భయం లేదు. సంతోషంగా ఉన్నట్టే అనిపించింది. రిజిస్టరులో సంతకం పెట్టాను. నాకు తెలిసిందేమిటో నాకు తెలుసు. అయినా పెట్టాను. అతను బాగుపడతాడని నేనూ నమ్మదలుచుకున్నాను. అతను బాగుపడితే, బహుశా నాకూ ఏదో ఉంటుందని.

పెళ్ళయ్యాక అతను నాకు ఫోను చెయ్యడం మానేశాడు. మసీదులో మొదటి వరసలో నిలబడేవాడు. గడ్డం పెంచాడు. ఎదురుపడితే సలాం చెప్పి తప్పుకునేవాడు. బాగుపడ్డాడనే అనుకున్నాను. అలా అనుకున్న రోజుల్లో నేను పడిన బాధ అల్లాకి తెలుసు.

ఎనిమిది నెలల తరవాత ఒక మధ్యాహ్నం నాన్న జొహర్ నమాజుకి వెళ్ళినప్పుడు ఒకావిడ ఒక దిండు పట్టుకుని దుకాణానికి వచ్చింది. నెత్తిన దుపట్టా, మొహం చెమటపట్టి ఉంది. నేను గుర్తుపట్టలేదు. మాట్లాడగానే గుర్తుపట్టాను.

"దూది ఉండలు కట్టేసిందండి. ఏకి పెడతారా?"

దిండు తీసుకున్నాను. అందులో దూది ఏమీ ఉండలు కట్టలేదు. ఆమె వెళ్ళలేదు. దుకాణంలో ఎవరైనా ఉన్నారేమో అని లోపలికి చూసి, గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, మీరు ఆయనకి బాగా దగ్గరివాళ్ళని విన్నాను. ఒకటడుగుతాను, తప్పుగా అనుకోకండి."

"అడగండమ్మా."

"ఆయన నా వైపు చూడరండి. ఇన్ని నెలల్లో... ఎలా చెప్పాలో తెలీటంలేదు. కింద చాప ఏసుకుని పడుకుంటారు. అడిగితే జానిమాజ్ ఎక్కి కూర్చుంటారు. నాలో ఏం లోపముందో చెప్పమంటే ఏడుస్తారు. పెళ్ళికి ముందు ఆయన మనసులో ఎవరైనా ఉన్నారా అన్నయ్యా? మీకు తెలిసే ఉంటది."

ఎదురుగా ఉన్న ఆమెకి ఇరవై మూడేళ్ళు కూడా ఉండవు. చేతులకి గోరింటాకు పెట్టుకుంది, ఏ పండగా లేకుండానే. ఎవరికోసం పెట్టుకుందో అర్థమైంది. ఆ క్షణంలో నిజం చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే.

"అలాంటిదేం లేదమ్మా," అన్నాను. "అతను మొదట్నుంచీ అంతే. భక్తి ఎక్కువ. ఓపిక పట్టండి."

ఆమె దుపట్టా అంచుతో మొహం తుడుచుకుంది.

"అంతేనంటారా?"

"అంతేనమ్మా."

"సరేనండి" అని వెళ్ళిపోయింది. దిండు కోసం మళ్ళీ రాలేదు. ఎవరో పిల్లని పంపించి తెప్పించుకుంది.

ఏడాదిన్నర నిండేసరికి సంగతి పెద్దల దాకా వెళ్ళింది. పిల్లలు లేరు, కోడలు మాట వినదు, పుట్టింటికి పోతానంటుంది, అని అతని తరఫువాళ్ళ ఫిర్యాదు. ఆమె తరఫునుంచి తండ్రి వచ్చాడు, మాట పెగలని మనిషి. మసీదు వరండాలో కూర్చున్నారు. ఆమె, ఆమె తల్లి పక్కగదిలో పరదా వెనక. ఆమె ఏమీ చెప్పదట, భార్య కోరి తీసుకునే విడాకులు, ఖులా, ఇప్పించమని మాత్రం అడుగుతోందట. కారణం చెప్పకుండా ఖులా ఎలా అని పెద్దలు విసుక్కున్నారు. ఒకాయన నా వైపు తిరిగాడు.

"నువ్వు నిఖా సాక్షివి గదా. వాడితో తిరిగినోడివి. చెప్పరా అబ్బాయ్, మనోడిలో ఏవన్నా లోపముందా?"

నాన్న అక్కడే ఉన్నాడు. ఇమాం సాబు అక్కడే ఉన్నాడు, తల వంచుకుని. అతను నా ఎదురుగా ఉన్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి, ఏదో చదువుకుంటున్నాడు.

"ఏ లోపం లేదండి" అన్నాను.

ఖులా అయింది. లోపం ఎవరిలో ఉందని ఊరు అనుకోవాలో అలాగే అనుకుంది. ఆడపిల్లకి పొగరని కొందరన్నారు, గొడ్రాలని కొందరన్నారు. ఆమె తండ్రి తలుపు పక్కన చెప్పులు వెతుక్కుంటూ కుడిది ఎడమకాలికి వేసుకుని మెట్లు దిగాడు. అతను మూడు నెలల్లో గది ఖాళీ చేసి భీమవరం వైపు చెరువులకి వెళ్ళిపోయాడు. మరుసటేడు మళ్ళీ పెళ్ళి చేశారని తెలిసింది. ఆడపిల్ల పుట్టిందని ఒక్కసారి ఫోను చేశాడు. "దువా చెయ్యి" అన్నాడు. "ఎవరికి?" అన్నాను. "నా నంబరు తీసెయ్యి" అని పెట్టేశాడు. తీసేశాను.

అప్పటికి నాకూ సంబంధాలు చూస్తున్నారు. కాకినాడ నుంచి ఒక ఫొటో వచ్చింది. అమ్మ వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతోంది. పళ్ళెంలో ఫొటో పెట్టి నా ముందుకి తోసింది. నేను ఆ ఫొటోలో అమ్మాయి మొహం చూడలేదు. పరదా వెనకనుంచి విన్న గొంతు వినపడింది. ఇంకొకర్ని ఆ పరదా వెనక నిలబెట్టలేననిపించింది. అక్కడే కూర్చుని అమ్మకి చెప్పేశాను.

అమ్మ చేతిలో చేపని గిన్నెలో వదిలేసింది.

"రోగమా?"

"కాదమ్మా."

"ఎవరన్నా ఏవన్నా చేయించేరా నీకు?"

"లేదమ్మా."

"అయితే అల్లాయే ఇలా పుట్టించేడా నిన్ను?"

"నాకు తెలీదమ్మా. పుట్టిన దగ్గర్నుంచీ ఇంతే."

చేతులు కడుక్కుంది. "మీ నాన్న చెవిన పడనివ్వకు. ఆ మనిషి తట్టుకోలేడు" అంది. అంతే. తిట్టలేదు, గుండెలు బాదుకోలేదు. ఫొటో తిరిగి పంపించేసింది. అన్నం ఎప్పటిలాగే పెట్టింది. కాని రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజుకి నన్ను లేపేది అమ్మే. "లేవరా, నిద్రకంటే నమాజు మేలు" అని పాదం పట్టుకుని ఊపేది. మర్నాటి నుంచి లేపడం మానేసింది. నేను మెలకువగానే పడుకుని, అమ్మ నా గుమ్మం దాకా వచ్చి ఆగడం వినేవాణ్ణి. తరవాత తన జానిమాజ్ దులుపుకునే చప్పుడు. నా నమాజు వల్ల ఇంక లాభం లేదనుకుందో, నన్ను అల్లా ముందు నిలబెట్టడానికి భయపడిందో, నేను అడగలేదు.

నాన్న ఏమీ తెలియకుండానే పోయాడు. జనాజా నమాజుకి ముందు కొడుకు లేచి జనంతో చెప్పాలి. చెప్పాను. మా నాన్న మాటతోగాని చేత్తోగాని ఎవరినైనా నొప్పించి ఉంటే అల్లా కోసం మాఫ్ చెయ్యండి, అని. "మాఫ్ చేశాం, మాఫ్ చేశాం" అని వరసల్లోంచి గొంతులు వచ్చాయి. ఆ రోజు ఇమాం సాబు నాలుగు మాటలు చెప్పాడు. అల్లాకీ మనకీ మధ్య ఉన్న పాపాలు ఆయన తలుచుకుంటే మాఫ్ చేస్తాడు. మనిషికి మనిషి చేసిన అన్యాయాన్ని మాత్రం ఆ మనిషే మాఫ్ చెయ్యాలి, వాళ్ళ తరఫున అల్లా చెయ్యడు. మనుషుల హక్కు మనుషుల దగ్గరే ఉంటుంది.

ఈ మాట అంతకుముందు వందసార్లు విన్నాను. ఆ రోజు నాన్న శవం ముందు నిలబడి విన్నాను. పదమూడో ఏట నుంచి నేను అల్లాని మాఫీ అడుగుతున్నది దేని గురించి? నేను ఎంచుకోనిదాని గురించి. నేను ఎంచుకుని, నోరు తెరిచి, రెండుసార్లు చేసిన పాపం వేరే ఉంది. దాని గురించి ఒక్కసారీ అడగలేదు. అడిగినా ఆ మాఫీ ఆయన దగ్గర లేదు. తునిలో ఉంది.

వెళ్ళడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. కాకినాడ వెళ్ళి తుని బస్సెక్కాను. ఇల్లు వెతకడం కష్టం కాలేదు. గుమ్మం పక్కన మగ్గం వర్క్ చేయబడును అని బోర్డు, కింద ఫోను నంబరు. ముందుగదిలో మగ్గం మీద ఎర్రటి జాకెట్టు గుడ్డ బిగించి ఉంది. ఆమె తలెత్తి చూసి, నన్ను గుర్తుపట్టి, సూది గుడ్డలోనే వదిలేసి లేచింది. సన్నబడింది. లోపల ఆమె తల్లి ఎవరొచ్చారని అడిగితే, "యానాం అన్నయ్యేలే అమ్మా, పనిమీదొచ్చారు" అంది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. "తప్పు మీలో లేదమ్మా" అన్నాను. "ఎప్పుడూ లేదు. అతనికి ఆడవాళ్ళంటే... అతనికి ఆ వైపు మనసు పోదు. నాకు తెలుసు. ఎందుకంటే అతని మనసులో ఎవరున్నారని మీరు ఆరోజు అడిగారో, ఆ మనిషిని నేనే."

ఆమె మొహంలో ఏమీ మారలేదు.

"నాకు తెలుసండి."

నేను తాగబోతున్న గ్లాసు దించాను.

"పెళ్ళయిన నాలుగో నెల్లోనే తెల్సు. ఆయన పాత ఫోన్లో మీ మెసేజీలు చూసేను."

"మరి దుకాణానికి వచ్చి నన్నెందుకడిగారు?"

"మీ నోటితో చెప్తారని. నేను చెప్తే ఎవరు నమ్ముతారండి? మొగుడి మీద అలాంటి నింద ఏసిందని నన్నే రాళ్ళుచ్చుకు కొడతారు. మీరు చెప్తే నాకొక సాక్షి ఉండేవాడు." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "మీరు చెప్పలేదు. పోన్లే, భయపడ్డారనుకున్నాను. పంచాయితీలో అందరి ముందూ మిమ్మల్ని అడిగేరు. పరదా ఎనక అమ్మ చెయ్యి పట్టుకుని కూచున్నాను. ఇప్పుడన్నా చెప్తారని. ఏ లోపం లేదన్నారు."

"నన్ను మాఫ్ చెయ్యండమ్మా."

"దానికోసమే వచ్చేరా?"

అవుననడానికి సిగ్గేసింది. తల ఊపాను.

"అంటే నాకోసం రాలేదు మీరు. చచ్చేక లెక్క చెప్పాలని, మీ ఆఖిరత్ కోసం వచ్చేరు."

యానాంలో పెద్దలందరి ముందూ నిలబడి నిజం చెబుతానన్నాను. ఆమె కోరితే ఆ సాయంత్రమే చెబుతానన్నాను. నిజంగానే చెప్పేవాణ్ణి. ఆమె మొదటిసారి నవ్వింది, నోటి చివర్న.

"ఇప్పుడా? చెప్తే మీ బతుకు పోద్ది. నాది తిరిగొస్తదా? అక్కడ ఇంకొకావిడుంది, చంటిపిల్లతో. ఆవిడేం చేసింది పాపం? ఊరుకోండి. చెప్పాల్సిన రోజున చెప్పలేదు."

గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. ఇంక లేవాలని అర్థమైంది. గుమ్మం దగ్గర ఆగి, ఎప్పటికైనా మాఫ్ చేస్తారా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"అబద్ధం చెప్పమంటారా? ఆ మాట నా దగ్గర లేదండి. ఉంటే ఇచ్చేద్దును." తలుపు మీద చెయ్యి వేసింది. "మీరింకా నమాజు చేస్తున్నారా?"

"చేస్తానండి."

"నేను మానేసేను. ఆయన నన్ను తప్పించుకోడానికి నమాజులో దాక్కునేవారు. ఇప్పుడు అమ్మ జానిమాజ్ పరిస్తే నేను లేచి బయటికెళ్ళిపోతాను. చిన్నప్పుడు మా వీధిలో అందరికంటే ముందు ఖురాన్ పూర్తి చేసింది నేనే, తెల్సా అన్నయ్యా?"

తలుపు మెల్లగా వేసింది. విసురుగా వేసినా బాగుండేది.

తుని బస్టాండులో అసర్ అజాన్ వినపడింది. దగ్గర్లోనే మసీదు. వెళ్ళి, చెప్పులు విప్పి, వజూ చెయ్యడానికి కుళాయి తిప్పి నీళ్ళు చేతిలోకి తీసుకున్నాను. అక్కడే ఆగిపోయాను. నేను, అతను, మా విశ్వాసాన్ని పోగొట్టుకోకుండా ఉండాలని ఇద్దరం ఎంత తాపత్రయపడ్డామో! పోగొట్టుకోలేదు. మా ఇద్దరికీ అది మిగిలింది. పోయింది ఆమెది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. కుళాయి కట్టేసి బస్సెక్కాను.

ఇది జరిగి రెండేళ్ళయింది. నేను మసీదుకి వెళ్తూనే ఉన్నాను. వెళ్ళకుండా ఉండలేను, వెళ్ళి నిలబడితే పదాలు నోట్లో తిరుగుతాయిగాని లోపలికి దిగవు. నా గురించి ఏదీ అడగను. అడిగే మొహం లేదు. నాలాంటివాణ్ణి అల్లా ఒప్పుకుంటాడా లేదా అని ఒకప్పుడు రోజూ మథనపడేవాణ్ణి. ఒప్పుకున్నా సరే, తునిలో ఆ ఇంటి తలుపు మూసే ఉంటుంది.

పోయిన ఈదు పండక్కి, బోర్డు మీద చూసి రాసుకున్న నంబరుకి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాను. ఎన్నో రాసి చెరిపేసి, చివరికి బాగున్నారా అమ్మా అని మాత్రం పంపాను. చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు.